నాన్న పేరున ఒక గోడ

పామర్రు నుంచి కొండపల్లి అడవి దాకా సైకిలు మీద వెళ్ళొచ్చాను. పిక్కల నొప్పులు తగ్గాయి గానీ ఒళ్ళుమంట ఇంకా తగ్గలేదు. "కాస్త చల్లారాక రాద్దువుగానిలే" అన్నారు మావారు. చల్లారాక రాస్తే అందులో నా మాట ఉండదు, మర్యాద మాత్రమే ఉంటుంది. మర్యాద వల్ల ఎంత నాశనం జరుగుతుందో కళ్ళారా చూసొచ్చినదాన్ని కాబట్టి వేడి మీదే రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. యాభై దాటాయి. మోకాళ్ళు మొరాయించక ముందే ఏదో ఒకటి చెయ్యాలని గేర్ల సైకిలు కొనుక్కున్నాను. మా ఊరి చుట్టుపక్కల ఎత్తు అంటే కాలువ మీద వంతెన, పల్లం అంటే ఆ వంతెన దిగడం. అలాంటి దాన్ని కొండల్లో సైకిలు దారి చూడాలని ఎందుకు బయల్దేరానంటే, ఆ దారి పక్కన మా నాన్న పేరు మీద ఒక గోడ ఉంది.

బెజవాడలో కొంతమంది ఉద్యోగస్తులు ఆదివారాలు కొండపల్లి అవతల కొండల్లోకి వెళ్ళి, పారా పలుగూ పట్టుకుని, సైకిళ్ళు పోవడానికి సన్నటి దారి చేశారు. ఒకళ్ళు జీతమిచ్చేది లేదు, ఒకళ్ళు చెయ్యమన్నదీ లేదు. ముళ్ళు కొట్టి, రాళ్ళు ఏరి, మలుపులు తిప్పి, వానాకాలం వెళ్ళాక మళ్ళీ బాగుచేసుకుంటారు. మా అన్నయ్యకి పటమటలో సిమెంటు, ఇనుము కొట్టుంది. పనిముట్లకి సాయం అడుగుదామని వాళ్ళు వస్తే, "పారలేం ఖర్మండీ, దారి అంచున గోడే కట్టిస్తాను, మా నాన్నగారి పేరు పెట్టండి" అన్నాడట. అన్నట్టే కట్టించాడు. పోయినేడు నాన్న సంవత్సరీకం వెళ్ళిన వారానికి శిలాఫలకం వేయించి కొబ్బరికాయ కొట్టాడు. ఆ ఫొటోలు చూసి నేను ఏడ్చాను కూడా. ఈ వేసవి సెలవుల్లో వెళ్ళి ఆ గోడని ఒక్కసారి చేత్తో తడిమి రావాలనుకున్నాను. అంతే నా కోరిక.

కాలువ గట్టున

మే నెలాఖరు. కాలువలు కట్టేసిన రోజులు. నీళ్ళున్నప్పుడు మన కాలువలెంత ముచ్చటగా ఉంటాయో, ఎండినప్పుడు మన బుద్ధులు అంత బాగా బయటపడతాయి. పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు, చిరిగిన పరుపులు, కోడి ఈకల బస్తాలు, పోయిన వినాయకచవితి నాటి ఇనప చట్రం. పొద్దుటి చల్లగాలికి హాయిగా తొక్కుకుంటూ పోదామని గట్టెక్కితే, ముక్కు మూసుకుని ఒక చేత్తో తొక్కాల్సి వచ్చింది.

ఉయ్యూరు ఇంకా రాకముందే నా కళ్ళెదుటే ఒకాయన మోటారు సైకిలాపి, బస్తా ఎత్తి కాలువలోకి విసిరాడు. నేనూ ఆగాను. కాలేజీ గొంతు కదా, ఊరుకోదు.

"ఏంటయ్యా అది?"

"చెత్తండి."

"చెత్తని తెలుస్తూనే ఉంది. కాలువలో ఎందుకు వేస్తున్నావు?"

"కాలువ ఎండిపోయిందిగా మేడం."

"ఇంకో నెలలో నీళ్ళొదులుతారుగా?"

"అప్పుడు కొట్టుకుపోద్దిగా" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. కొట్టుకుపోయి ఎక్కడికి పోద్ది నాయనా అంటే, "కిందకండి" అని చెయ్యి ఊపి, బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. కింద ఉన్నది మా పామర్రే. నేను గట్టు మీద నిలబడి నోరారా తిట్టాను. వినిపించలేదనుకుంటాను.

కంకిపాడులో టిఫిను. మినపట్టు, అల్లప్పచ్చడి. అట్టు యాభై రూపాయలు, మా ఊళ్ళో ముప్పై అయిదుకే దొరుకుతుంది, కాకపోతే ఈ పచ్చడికి ఆ పదిహేనూ ఇచ్చెయ్యొచ్చు. పక్క బల్ల మీద పంచెకట్టు పెద్దాయన ఒకరు నన్నూ, నా ట్రాక్ ప్యాంటునీ, గోడకి ఆనించిన సైకిలునీ మార్చి మార్చి చూస్తున్నారు. చివరికి ఉండబట్టలేక అడిగేశారు.

"ఏమ్మా, బండి పాడైందా?"

"లేదండీ. కావాలనే సైకిలు మీద వచ్చాను."

"డాక్టరు చెప్పారా?"

"లేదండీ, సరదాకే."

"మీవారికి తెలుసా?" అన్నారు గొంతు తగ్గించి.

తెలుసని చెప్పాను. ఆయన మొహంలో మావారి మీద జాలి కనిపించింది. వెళ్ళిపోతూ మాత్రం, "ఎండెక్కకుండా చేరుకో తల్లీ, మజ్జిగ తాగుతూ ఉండు" అన్నారు. ఆ మాటకి ఆయన్ని క్షమించేశాను.

కంకిపాడు దాటగానే తుమ్మ ముల్లు దిగింది. పంక్చరు కొట్టులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు గానీ, నా ట్యూబు మూతి చూసి "ఇది మా పంపుకి పట్టదండీ" అని చేతులెత్తేశారు. నా దగ్గరున్న చేతి పంపుతో నేనే గాలి కొట్టుకుంటుంటే చుట్టూ ఆరుగురు మగవాళ్ళు చేరి సలహాలిచ్చారు. పంపు పుచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు.

బెజవాడలో

అన్నయ్య ఇంటికి చేరేసరికి మాడు పగిలే ఎండ. వదిన కొత్తావకాయ, ముద్దపప్పు, నెయ్యి, చల్ల మిరపకాయలు పెట్టింది. నాలుగు వాయిలు తిన్నాను. అన్నయ్య భోజనం చేస్తున్నంతసేపూ ఎడమచేత్తో ఫోను పట్టుకుని గోడ ఫొటోలు చూపిస్తూనే ఉన్నాడు.

"ఎంత పొడుగో చూశావా? ఇంకా ఐదడుగులు ఎత్తు లేపమన్నాను గానీ వాళ్ళే వద్దన్నారు. కొండమీద దారికి గట్టు లేకపోతే ఏం బాగుంటుందే? బోసిగా!"

మా డెల్టా వాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది. చేనుకి గట్టు, కాలువకి గట్టు, చెరువుకి గట్టు. గట్టు లేనిది ఏదైనా సగంలో వదిలేసిన పనిలాగే కనిపిస్తుంది మాకు. నాకూ ఆ ఫొటోలో గోడ ముద్దుగానే కనిపించింది. శిలాఫలకం మటుకు పెద్దది చేసి చూశాను. నల్లరాయి మీద బంగారు అక్షరాలు: కీర్తిశేషులు వెంకటరత్నం మాస్టారి జ్ఞాపకార్థం, వారి కుమారుడు, కోడలు, మనుమలు. కూతురు అనే మాట లేదు. మన దగ్గర బస్టాపు బల్లల మీదా, బడి గదుల మీదా ఏ ఫలకమైనా చూడండి, కూతుళ్ళు పుట్టనట్టే ఉంటుంది. చురుక్కుమంది. కానీ అన్నం ముందు కూర్చుని గొడవెందుకని మజ్జిగ కలుపుకున్నాను.

సాయంత్రం పద్మజ వచ్చింది. ఆ దారి చేసే వాళ్ళకి పెద్ద దిక్కు ఆవిడే. బ్యాంకులో పనిచేస్తుంది, నలభై లోపు ఉంటుంది. అరచేతులు చూస్తే బ్యాంకు అనుకోం, అన్ని కాయలు కాసి ఉన్నాయి. నేను మర్నాడు కొండకొస్తాననీ, ఆదివారం పనిలో కూడా చెయ్యి వేస్తాననీ చెప్తే ఆవిడ మొహం ఎందుకో వాడిపోయింది.

"ఇప్పుడా మేడం? ఎండలు కదండీ. వర్షాలు పడ్డాక వస్తే పచ్చగా ఉంటుంది."

"మా సెలవులు ఇప్పుడేనమ్మా."

"పోనీ అటుపక్క దారి చూపిస్తానండి, అది ఇంకా బాగుంటుంది."

"నాకు గోడున్న దారే కావాలి."

పద్మజ నీళ్ళు నమిలింది. మా వదిన కాఫీ తెస్తే ఆ గ్లాసులోకే చూస్తూ కూర్చుంది. నేను అలసట అనుకున్నాను.

కొండ కింద ఇల్లు

మర్నాడు లారీల దుమ్ము మింగుకుంటూ కొండపల్లి దాటి లోపలికి తిరిగాను. ఆ పల్లె పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి చిప్స్ పాకెట్లు చేరతాయి. కొండలు దగ్గరపడేకొద్దీ నేల రంగు మారింది. మా నల్లరేగడి పోయి ఎర్రటి గరుసు వచ్చింది. తాటిచెట్ల కింద ఒకామె ముంజలు అమ్ముతుంటే డజను తీసుకుని అక్కడే కూర్చుని తినేశాను. వేలితో నొక్కితే నీళ్ళు మొహాన చిమ్మాయి, ఆమె పగలబడి నవ్వింది. ఆ ప్రయాణం మొత్తంలో కోపం లేకుండా గడిచిన పావుగంట అదొక్కటే.

సైకిలు దారి మొదలయ్యేది గంగమ్మ అనే ఆవిడ పెరట్లోంచి. ఆవిడ చోటిచ్చింది కాబట్టే ఆ దారి ఉంది. ఆదివారాలు వచ్చే కార్లన్నీ ఆవిడ వేపచెట్టు నీడనే ఆగుతాయి, ఆవిడ కుండలోని నీళ్ళే తాగుతారు. నాకూ చెంబుతో నీళ్ళిచ్చి, ఏ ఊరమ్మా అని అడిగింది. చెప్పాను. ఆ గోడ మా నాన్నగారి పేరు మీద కట్టిందేననీ, చూడ్డానికొచ్చాననీ సంబరంగా చెప్పాను.

గంగమ్మ చెంబు నా చేతిలోంచి లాక్కుంది.

"ఆ గోడ మీదా? రామ్మా, రా. ముందు నా గోడ చూసి తర్వాత మీ గోడ చూద్దువు."

ఇంటి వెనక గదికి తీసుకుపోయింది. కొండవైపు గోడ సగం నుంచి లేదు. ఉన్న ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన నీలం పట్టా కప్పారు. గోడ మీద నడుమెత్తున బురద చార ఇంకా ఉంది. గదిలో ఒక అమ్మాయి మంచం మీద పడుకుని ఉంది, గంగమ్మ కూతురు, పురిటికి వచ్చింది. పైనుంచి చీర ఉయ్యాల వేలాడుతోంది. అందులో నెల కూడా నిండని పసిపిల్ల.

"పోయిన వానల్లో మీ దారెంట కొండనీళ్ళన్నీ ఒక్కటై వచ్చి నా ఇంటిమీద పడ్డయ్. గోడ పోయింది, బియ్యం బస్తాలు పోయినయ్. అంతకుముందు ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చుక్క రాలా. మీ గోడ వచ్చినాకే వచ్చింది. మళ్ళీ వానొచ్చే రోజులైపోయినయ్. ముందు గది రేకులది, మధ్యాన్నం పసిదాన్ని అందులో పెడితే ఉడికిపోద్ది. ఇందులో పెడితే నీళ్ళొచ్చి పడతయ్. ఎక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పమ్మా, చదువుకున్నదానివి."

తల కొట్టేసినట్టయింది. ఉయ్యాల్లో పిల్ల మాత్రం చక్కగా నిద్రపోతోంది.

"దారి చేసేవాళ్ళకి చెప్పలేదా ఇది?" అన్నాను చివరికి.

"అందరికీ తెలుసు. వచ్చి ఈ పట్టా ఇచ్చి, నాతో ఫొటో దిగి పోయారు."

గోడ దగ్గర

కాసేపటికి నాకు దారి చూపించడానికి వచ్చిన పద్మజని సైకిలు దిగీ దిగకముందే పట్టుకున్నాను. నడు, గోడ చూపించు అన్నాను. ఆవిడ ముందు నడిచింది.

దారి నిజంగా బాగుంది. ఆ మాట చెప్పకపోతే పాపం. మనిషి వెడల్పున, కొండ ఒంపులకి ఒదిగి, చెట్టు వేరు అడ్డమొస్తే దాన్ని కొట్టకుండా పక్కకి తప్పుకుని పోతుంది. ఎంతమంది నడుములు వంగితే అంత దారి అవుతుందో నాకు తెలుసు. దాని కింది భాగంలో, అడవి హద్దుకి ఇవతల, లోయవైపు అంచున, మోకాలెత్తు సిమెంటు గోడ. మా గోడ. దాని వెంట దారి కాస్తా గుంట కోసుకుపోయి, రాళ్ళు తేలి, ఎండిన వాగులా ఉంది.

"చెప్పు" అన్నాను.

పద్మజ చెప్పింది. కొండమీద దారి లోయవైపుకి పిసరు వాలి ఉండాలట. అప్పుడు ఏ చోట పడ్డ నీరు ఆ చోటే దారి దాటి చెట్లలోకి జారిపోతుంది. అంచున గోడ కట్టేసరికి ఆ నీళ్ళు దాటే వీలు లేక, దారినే కాలువ చేసుకుని, కలిసి కలిసి, కిందున్న గంగమ్మ ఇంటికి చేరాయి. ఇదివరకు మధ్యలో ఒక పల్లపు చోట నీళ్ళు దారి దాటి ఒక వంకలో పడేవట. ఆ వంక గంగమ్మ ఇంటికి దూరంగా పోతుంది. ఇప్పుడా పల్లాన్ని మెరక చేసి సరిగ్గా అక్కడే శిలాఫలకం నిలబెట్టారు. ఫొటోలకి చోటు బాగుంటుందని.

"ఇది మీకు ముందే తెలుసా, వానొచ్చాక తెలిసిందా?"

"తెలుసండి."

"తెలిసీ కట్టనిచ్చారా?"

"మీ అన్నయ్యగారు అంత ప్రేమగా అడిగారు మేడం. నాన్నగారి పేరు అన్నారు. వద్దని ఎలా చెప్తామండి? మొహమాటం కదా."

"సరే. ఆవిడ ఇల్లు కూలాక?"

"చెప్దామనే అనుకున్నామండి. కట్టి ఏడాదైనా కాలేదు, అప్పుడే కొట్టేస్తామంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారేమోనని..."

నాకు అక్కడ పట్టిన కోపం ఇంతకుముందెప్పుడూ పట్టలేదు. "మా అన్నయ్య మనసుకి దెబ్బ తగలకూడదని గంగమ్మ గోడకి తగలనిచ్చారా? ఏడాది పాటు! మా అన్నయ్య రోజూ ఫోనెత్తుతాడే! ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు? రాళ్ళు పగలగొట్టే చేతులు ఉన్నాయి, చెప్పే నోరు లేదా?" అని కొండ ప్రతిధ్వనించేలా అరిచాను. పద్మజ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు జాలి వెయ్యలేదు. ఈ మొహమాటం అనే దిక్కుమాలిన జబ్బు మా ఇళ్ళన్నింట్లో ఉంది. తినలేకపోయినా తింటాం, నచ్చకపోయినా మెచ్చుకుంటాం. మన కడుపు పాడైతే మన ఖర్మ. ఇక్కడ పాడైంది ఇంకొకరి ఇల్లు.

గోడని చేత్తో తడుముదామని వచ్చిన దాన్ని. తడమలేదు.

ఆదివారం

ఆ రాత్రి గంగమ్మ వేపచెట్టు కిందే పడుకున్నాను. పొద్దున్నే దారి చేసేవాళ్ళు వచ్చారు. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వందల మంది ఉన్నారట, బొటనవేళ్ళు ఎత్తి చూపించినవాళ్ళే ఎక్కువ. పారతో వచ్చినవాళ్ళు తొమ్మండుగురు. ఆ తొమ్మండుగురికీ దండం పెట్టొచ్చు, అందులో ఒకాయన గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చాడు. మిగతా వందల మందిలో ముగ్గురు కుర్రాళ్ళు మెరిసిపోయే సైకిళ్ళేసుకుని, నెత్తిన కెమెరాలు పెట్టుకుని వచ్చారు.

"ఆంటీ, ఈ ట్రెయిల్ ఎప్పుడు ఓపెన్ అవుద్ది? రీల్ చెయ్యాలి" అన్నాడొకడు.

"ఇదిగో గమేళా. రాళ్ళు మొయ్యి, అప్పుడు ఓపెన్ అవుద్ది" అన్నాను. నవ్వి, అవతలి దారికి పోయారు. బ్రేకులు నొక్కి మలుపుల్ని చీరేసేదీ వాళ్ళే, బాగాలేదని ఫోన్లో రాసేదీ వాళ్ళే.

గోడ కొట్టేద్దాం అన్నాను. ఎవరూ కదలలేదు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఫలకం ఉన్నచోటు అలాగే వదిలేసి, అటూ ఇటూ చిన్న తూములు పెడదామండీ." ఆకులు పడితే ఒక్క వానకే మూసుకుపోతాయని పద్మజ మెల్లగా అంది. "పోనీ ఫలకం జరిపి పైన పెడదాం." దాని కింద దిమ్మ మొత్తం లేపితే తప్ప నీళ్ళు వంకలోకి పోవు. "మాస్టారి పేరు కదండీ..." అని ఇంకొకాయన. నేను కూతుర్ని, నేను చెప్తున్నాను కొట్టండి అన్నా, ఒక్క చెయ్యి లేవలేదు. అన్నయ్యగారితో ఒక మాట అనేస్తే బాగుంటుందండీ అన్నారు.

అక్కడే, అందరి ముందే, ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అన్నయ్యా, గోడ కొట్టేస్తున్నాం."

"ఏ గోడ?"

"నాన్న గోడ. నీళ్ళు ఆగి కింద ఒకావిడ ఇల్లు కూలింది. ఇప్పుడా గదిలో నెల నిండని పసిపిల్ల ఉంది. ఈ వారంలో వానొస్తే ఆ పిల్ల ఉయ్యాల కిందకి నీళ్ళొస్తాయి."

"అలా అని నాకెవరూ చెప్పలేదే! అయినా పక్కన కాలువ తవ్వించండి. నేను డబ్బిస్తాను."

"కాలువ ఎక్కడ తవ్వాలో అక్కడే నీ ఫలకం ఉంది."

"నాన్న పేరు మీద గడ్డపార వేస్తావా నువ్వు? నలుగురూ ఏమనుకుంటారే? అసలు కూతురివేనా?"

"నీ ఫలకం ప్రకారం కాదు. నువ్వున్నావు, వదినుంది, మనవలున్నారు. నేను లేను."

అన్నయ్య ఫోన్ పెట్టేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలొంచుకుని బూట్లు చూసుకుంటున్నారు.

గంగమ్మ ఎప్పుడొచ్చిందో, మనవరాలిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. "మీ నాయన ఏం పనిచేసేవాడమ్మా?" అంది.

"బడిపంతులు."

"పంతులుగారైతే చెప్తే వినేవాడేలే" అంది.

నిజమే. మా నాన్న చెప్తే వినేవాడు. పదో తరగతి పిల్లాడు లెక్క తప్పని చూపిస్తే, బోర్డు తుడిచేసి మళ్ళీ చేసేవాడు. వాళ్ళెవరూ మా నాన్నని చూడలేదు. రాయిని చూసి భయపడుతున్నారు.

గడ్డపార తీసుకున్నాను. రాయిని చెక్కుచెదరకుండా ఊడదీసి అన్నయ్యకి అప్పగిద్దామనే అనుకున్నాను. దిమ్మ సందులో గునపం పెట్టి వంచాను. అన్నయ్య నాసిరకం సిమెంటు వాడతాడా? రాలేదు. ఇంకా గట్టిగా వంచాను. ఠప్పుమని నల్లరాయి నడిమికి పగిలింది. వెంకట అన్న ముక్క ఒకటి నా కాళ్ళ దగ్గర పడింది.

అందరూ "అయ్యో" అన్నారు. నేను ఏడ్చేశాను. సిగ్గేం లేదు, బావురుమన్నాను. ఏడుస్తూనే రెండో దెబ్బ వేశాను. మూడోది కూడా. నాలుగో దెబ్బకి పద్మజ వచ్చి పక్కన నిలబడి పలుగు ఎత్తింది. ఆ తర్వాత గుడివాడాయన వచ్చాడు. ఇక ఎవర్నీ పిలవాల్సిన అవసరం రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేలోగా దిమ్మ లేచిపోయింది, మెరక తవ్వేశాం, పల్లం మళ్ళీ పల్లమైంది. గోడ మిగతాది కూడా చాలాచోట్ల తెగ్గొట్టాం. నీళ్ళు వంకలోకి దూకేచోట మట్టి కోసుకుపోకుండా గోడ ముక్కలే తెచ్చి పరిచాం. పేరున్న ముక్కల్ని పద్మజ తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చింది. అవీ అక్కడే పరిచెయ్యమన్నాను. ఆవిడ సందేహిస్తుంటే నేనే దిగి పరిచాను. మధ్యాహ్నం గంగమ్మ ఇంట్లో గోంగూర పచ్చడి, చారు, అన్నం. ఆవిడ వడ్డిస్తూ కూడా తిడుతూనే ఉంది. పోయినేడు చెయ్యాల్సిన పని అని, ఇంత బతుకూ బతికి ఒక మాట చెప్పడానికి నోళ్ళు లేవా అని. అందరం వింటూ తిన్నాం. గోడ కట్టి ఇచ్చేదాకా ఏ సైకిలూ తన పెరట్లోంచి పోకూడదంది. పద్మజ వాళ్ళు వచ్చే ఆదివారం ఇటుకలతో వస్తామన్నారు. ఫొటో తీస్తే ఫోన్ పగలగొడతానని నేను చెప్పాను.

తిరిగొచ్చాక

తిరుగు దారి చెప్పుకోడానికి ఏం లేదు. అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు. సైకిలు బస్సు పైన వేసుకుని పామర్రు చేరాను. అన్నయ్య ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. వదిన మాత్రం, "మీ అన్నయ్య అన్నం సరిగ్గా తినడం లేదు" అని ఒకసారి చెప్పింది. నేను తింటున్నానని చెప్పాను.

పద్మజ రెండుసార్లు ఫోన్ చేసింది. గంగమ్మ గోడ లేచిందట. మంచిదన్నాను. ఇంకో మాట చెప్పడానికి మళ్ళీ నీళ్ళు నమిలింది. వచ్చే నెల మీటింగులో నాకు శాలువా కప్పాలని గ్రూపులో అనుకున్నారట. "శాలువా తెచ్చారంటే దాన్ని అక్కడే రెండుగా చింపుతాను" అన్నాను. ఇంత జరిగాక కూడా శాలువా! "లేదండీ, నేను వద్దనే చెప్పాను వాళ్ళకి, మొహం మీదే చెప్పాను" అంది పద్మజ. ఆ మాటకి కాస్త సంతోషించాను.

మొన్న తొలకరి పడింది. మా ఊళ్ళో సాయంత్రం మొదలై తెల్లార్లూ కొట్టింది. పొద్దున్నే వంటింట్లో ఉంటే ఫోన్ మోగింది. అన్నయ్య.

"బెజవాడలో కుమ్మేసింది" అన్నాడు.

"ఇక్కడా అంతే."

"కొండల్లో కూడా పడే ఉంటుంది."

"పడిందట. పద్మజ గంగమ్మని కనుక్కుని ఇందాకే చెప్పింది."

రాయి ఏమైందని అడుగుతాడనుకున్నాను. అడిగితే ఏం అనాలో ఆ రోజు నుంచీ కూర్చుకుంటూనే ఉన్నాను, ఒక్క మాట తగ్గకుండా.

"ఆ పసిపిల్ల ఉన్న గదిలోకి నీళ్ళొచ్చాయా?" అన్నాడు.

"రాలేదు" అన్నాను.

"సరే" అని పెట్టేశాడు.

ఫోన్ పట్టుకుని స్టవ్ ముందు అలాగే నిలబడిపోయాను. మనసు తేలికపడింది, ఒప్పుకుంటాను. ఆ వెంటనే మళ్ళీ ఒళ్ళు మండింది. ఆ ప్రశ్న గోడ కట్టేముందు ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడిగి ఉండాల్సింది.